చదువు డబ్బులు ఎప్పుడు పడతాయి? ఎందుకు ఆగుతాయి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు చదువుకుంటాం. ఆ లెక్కలు రిపోర్టులో వేరే పేజీల్లో ఉన్నాయి. మాకు ఇచ్చిన పది నిమిషాల్లో మేము ఒక్క విషయమే మాట్లాడదామని వచ్చాం. మా నెలవారీ సమావేశాల్లో పుస్తకాలు రాయడం అయ్యాక, చాపలు చుట్టే లోపల, ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఉంది. "పిల్లల డబ్బులు ఎప్పుడు పడతాయంట?" ఒకళ్లు జూన్ అంటారు, ఒకళ్లు సంక్రాంతి అంటారు, ఇంకొకళ్లు ఇక పడవంట అంటారు. ఎవరికి వాళ్లు విన్నది చెబుతారు. ఆ మాటలు నమ్మి మనం అప్పులు చేస్తున్నాం. అందుకే ఈ ఏడు మేము కూర్చుని, ఏ డబ్బు ఏ దారిలో వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అని ఒక్కొక్కటి రాసుకున్నాం. అదే ఇక్కడ చెబుతున్నాం.

మన చేతిలో డబ్బు ఉండే నెలలు, ఫీజు అడిగే నెలలు

ముందు మన సంగతి చూసుకుందాం. మన వైపు పత్తి తీత దసరా దాటాక మొదలై సంక్రాంతి దాకా ఉంటుంది. ఆ వెనకే మిరప కోతలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోతకు పోయే ఇంట్లో నాలుగు రూపాయలు ఆడతాయి. మే నెల వచ్చేసరికి పని తగ్గుతుంది. జూన్‌లో సొంత చేనో కౌలు చేనో ఉన్నవాళ్లకు విత్తనాలు, ఎరువులు కొనాలి. సరిగ్గా అప్పుడే, జూన్ 12న, బళ్లు తెరుస్తారు. కాలేజీలు కూడా ఆ చుట్టుపక్కలే ఫీజు అడుగుతాయి.

అంటే మన చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడే చదువు ఖర్చు వచ్చి పడుతుంది. రాజధాని కోసం పూలింగులో భూమి ఇచ్చిన ఇళ్లలో కౌలు డబ్బు పడితే కొంత ఊపిరి ఆడుతుంది. భూమి లేని ఇళ్లకు రాజధాని పింఛను ఉంది. మొదట్లో నెలకు 2,500 ఉండేది, 2024లో 5,000 చేశారు. అది ఇంటి ఖర్చుకే చాలదు. ఇంకా చేలమీదే బతికే ఇళ్లకు ఆ రెండూ లేవు. అందుకని చదువు డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియడం మనకు అన్నం మెతుకుల లెక్క అంత ముఖ్యం.

ఒక చిన్న లెక్క చెబుతాం. జూన్‌లో 30,000 కావాలి. డబ్బు ఫిబ్రవరిలో పడింది. ఎనిమిది నెలలు. బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీయే 7,200 అవుతుంది. మన సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే 2,400. తేడా 4,800. ఆ డబ్బుతో ఇద్దరు పిల్లలకు పుస్తకాలు, బ్యాగులు, బూట్లు వస్తాయి. వడ్డీ వ్యాపారికి మన మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. మనకు తేదీ తెలియదు, అతనికి ఆ సంగతి తెలుసు, అంతే.

గడిచిన ఐదారేళ్లలో తేదీలు ఎట్లా మారాయి

ప్రభుత్వాలు మారాయి, పేర్లు మారాయి. ఏ పార్టీ మంచిది అని చెప్పడానికి ఈ సభ కాదు. మేము తేదీలు మాత్రమే చెబుతాం.

అమ్మఒడి మొదటిసారి 2020 జనవరి 9న ఇచ్చారు. 15,000. రెండోసారి 2021 జనవరి 11న. అప్పుడు బడి మరుగుదొడ్ల నిర్వహణకు వెయ్యి తీసి 14,000 వేశారు. రెండేళ్లు వరసగా సంక్రాంతి ముందు పడేసరికి, ఇది సంక్రాంతి డబ్బు అని మనందరం అనుకున్నాం. మూడోసారి పడింది 2022 జూన్ 27న. అంటే మధ్యలో పదిహేడు నెలలు దాటింది. 2022 సంక్రాంతికి పడుతుందని అప్పు తెచ్చినవాళ్లకు ఆ అప్పు మీద ఇంకో ఐదున్నర నెలల వడ్డీ పెరిగింది. ఆ మూడోసారి నుంచి రెండు వేలు తీసి 13,000 వచ్చింది. నాలుగోసారి 2023 జూన్ 28న. ఆ తర్వాత ఎన్నికలు, కొత్త ప్రభుత్వం, కొత్త పేరు. తల్లికి వందనం కింద 2025 జూన్ 12న వేశారు. అంటే దాదాపు రెండేళ్లు ఎదురుచూశాం.

దీంట్లోంచి మేము రెండు సంగతులు నేర్చుకున్నాం. ఒకటి, పోయినసారి పడిన నెల ఈసారి కూడా పడుతుందని నమ్మి అప్పు చేయకూడదు. రెండు, పడిన డబ్బు ఏ చదువు సంవత్సరానిదో తెలుసుకోవాలి. 2022 జూన్‌లో పడిన డబ్బు 2021-22లో పిల్లలు బడికి వెళ్లినదానికి. అంటే ఏడాది అయిపోయాక ఆ ఏడాది హాజరు చూసి ఇస్తున్నారు. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

తల్లికి వందనంలో ఇంకో మార్పు ఉంది. అమ్మఒడి ఇంట్లో ఒక్క బిడ్డకే వచ్చేది. ఇప్పుడు ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా చదివే పిల్లలందరికీ వస్తుంది. బిడ్డకు 15,000, అందులో 2,000 బడి నిర్వహణకు పోను తల్లి ఖాతాలో 13,000. ఇద్దరుంటే 26,000, ముగ్గురుంటే 39,000. ఒకటో తరగతిలో, ఇంటర్ మొదటి ఏడులో కొత్తగా చేరిన పిల్లలకు మాత్రం జూన్‌లో పడలేదు. వాళ్ల చేరికలు పూర్తయ్యాక జూలైలో పడింది. మా ఊళ్లో ఒక చెల్లెలు ఇద్దరు పిల్లల్లో ఒకరికే పడిందని ఏడ్చుకుంటూ వచ్చింది. రెండోవాడు ఒకటో తరగతి. జూలై దాకా ఆగమ్మా అని చెప్పాం, పడింది. తేదీ తెలిస్తే ఆ ఏడుపు ఉండేది కాదు.

కాలేజీ ఫీజు సంగతి

ఇంటర్ తర్వాత చదివే పిల్లల డబ్బు దారి వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మనకు 2008 ప్రాంతం నుంచి తెలిసిన మాటే. దీంట్లో రెండు ముక్కలు ఉన్నాయి. కాగితాల మీద ఆర్‌టీఎఫ్ అని ఉంటే అది కాలేజీ ఫీజు. ఎంటీఎఫ్ అని ఉంటే అది పిల్లల తిండికి, హాస్టలు ఖర్చుకు. మధ్యలో కొన్నేళ్లు వీటినే విద్యాదీవెన, వసతిదీవెన అన్నారు. 2024లో మళ్లీ పాత పేర్లు పెట్టారు.

విద్యాదీవెన డబ్బు 2021 ఏప్రిల్ 19 నుంచి తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. మూడు నెలలకు ఒకసారి అన్నారు. వసతిదీవెన ఏడాదికి రెండు విడతలు, ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపై చదువులకు 20,000. ఫీజు తల్లి ఖాతాలో పడితే మనం వారం పది రోజుల్లో కాలేజీకి కట్టాలి. అప్పుడు మనకు ఒక బలం ఉండేది, కాలేజీకి వెళ్లి పాఠాలు జరుగుతున్నాయా అని అడిగేవాళ్లం. ఒక బలహీనత కూడా ఉండేది. ఇంట్లో జబ్బు చేస్తే, పంట మునిగితే ఆ డబ్బు అటు పోయేది, బిడ్డ పేరు మీద బాకీ మిగిలేది. 2024-25 నుంచి ఫీజును మళ్లీ నేరుగా కాలేజీ ఖాతాకే పంపుతున్నారు. కాబట్టి ఇప్పుడు మీ పాసు పుస్తకంలో ఫీజు డబ్బు కనపడలేదని కంగారు పడొద్దు. అది మీకు రాదు. కానీ కాలేజీకి వచ్చిందా లేదా అని అడిగే హక్కు మీకు ఉంది. అడగండి. అడిగి, మీ బిడ్డ పేరు మీద ఏ ఏడాదికి ఎంత జమ అయిందో కాగితం మీద రాయించుకోండి.

ఎస్సీ పిల్లల తల్లులకు ఒక ముఖ్యమైన మాట. ఇంటర్, ఆపై చదువుల స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60 పాళ్లు, రాష్ట్రం 40 పాళ్లు పెట్టుకుంటాయి. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి సొంత ఖాతాకే వస్తుంది, తల్లి ఖాతాకు రాదు. కాబట్టి బిడ్డ పేరు మీద ఆధార్ జోడించిన ఖాతా ఉండి తీరాలి. ఈ ఏడు తల్లికి వందనంలో కొంతమంది అక్కలకు మిగతావాళ్ల కంటే తక్కువ పడి, మాకే ఎందుకు తక్కువ అని బాధపడ్డారు. అక్కడ కూడా పెద్ద తరగతుల పిల్లలకు కేంద్రం ముక్క విడిగా వచ్చేదే. రెండు ఖాతాలూ చూసుకోవాలి.

ఇక ఎనిమిదో తరగతి పిల్లల తల్లులు వినండి. ఎన్‌ఎంఎంఎస్ అనే పరీక్ష ఉంది. ప్రభుత్వ బడి, జిల్లా పరిషత్ బడి, ఎయిడెడ్ బడిలో ఎనిమిది చదివే పిల్లలు రాయొచ్చు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 చొప్పున, నాలుగేళ్లకు 48,000. పరీక్ష సాధారణంగా డిసెంబరులో ఉంటుంది, దరఖాస్తు అంతకు ముందే వేయాలి. చాలామంది పిల్లలు పరీక్ష నెగ్గి కూడా ఈ డబ్బు పోగొట్టుకుంటారు. ఎందుకంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి. ఒకసారి వచ్చింది గదా, అదే వస్తుందిలే అని ఊరుకుంటే ఆగిపోతుంది. పది తర్వాత బడి మారి ఇంటర్ కాలేజీలో చేరిన ఏడే ఎక్కువమంది మర్చిపోతారు.

బటన్ నొక్కిన రోజు వేరు, డబ్బు పడే రోజు వేరు

టీవీలో చెప్పిన రోజున బ్యాంకుకు పరిగెత్తి, మెసేజ్ రాలేదని తిరిగొచ్చిన అనుభవం ఇక్కడ చాలామందికి ఉంది. డబ్బు మన దాకా రావడానికి ఎన్ని మెట్లు ఉన్నాయో చూడండి.

బడో కాలేజో పిల్లల పేర్లు, హాజరు ఎక్కించాలి. ఫీజు పథకానికైతే జ్ఞానభూమిలో దరఖాస్తు ఉండాలి. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ వేలిముద్ర వేయించి సరిచూడాలి. ఆ తర్వాత కంప్యూటర్లో కరెంటు, భూమి, కారు, ఉద్యోగం, ఇన్‌కం ట్యాక్స్ ఇట్లా జల్లెడ పడతారు. దాన్నే సిక్స్ స్టెప్ వాలిడేషన్ అంటున్నారు. అర్హుల జాబితా, అనర్హుల జాబితా సచివాలయం గోడ మీద పెడతారు. అభ్యంతరాలు చెప్పడానికి కొన్ని రోజులు గడువు ఇస్తారు. ఆ తర్వాత జీవో, బడ్జెట్, బిల్లు, ఖజానా. చివరకు ఆధార్ నంబరును బట్టి మన బ్యాంకుకు. ఈ మెట్లలో ఏ ఒక్కటి ఆగినా అన్నీ ఆగుతాయి.

ఒక్కోసారి మన చేతిలోనూ, సచివాలయం చేతిలోనూ లేని కారణం ఉంటుంది. 2024 మే 13న పోలింగ్ అన్నప్పుడు, కొన్ని పథకాల డబ్బును పోలింగ్ అయ్యేదాకా వేయొద్దని ఎన్నికల సంఘం ఆపింది. ఫీజు డబ్బు కూడా అందులో ఉంది. ఎన్నికల ఏడాదిలో ఆలస్యం అవుతుందని ముందే అనుకుని ఉండాలి.

వేరే దేశాల్లో ఎట్లా ఉందో ఒక మాట చెబుతాం. పిల్లలు బడికి వెళితే తల్లి చేతికి డబ్బు ఇవ్వడం మన దగ్గరే పుట్టలేదు. మెక్సికోలో 1997లోనే మొదలైంది. బ్రెజిల్‌లో 2003 నుంచి బోల్సా ఫమీలియా అనే పథకం ఉంది. అక్కడ నెలనెలా ఇస్తారు. కార్డు మీద ఉన్న నంబరులో చివరి అంకెను బట్టి ఎవరికి ఏ రోజు పడుతుందో ముందే చెబుతారు. అక్కడి తల్లి తన కార్డు చూసుకుని, ఫలానా రోజు నాకు డబ్బు వస్తుంది అని కిరాణా కొట్లో చెప్పగలదు. మనకు కూడా అట్లాంటి క్యాలెండరు కావాలని అడగడం తప్పు కాదు. ఇంత డబ్బు ఇస్తున్న ప్రభుత్వానికి తేదీ చెప్పడం పెద్ద భారం కాదు.

మన వైపు నుంచి ఆగే కారణాలు

ఆలస్యం అన్నిసార్లూ పైనుంచే కాదు. మా సంఘం పరిధిలో డబ్బు పడని ఇళ్లకు వెళ్లి చూస్తే కనిపించిన కారణాలు ఇవి.

మొదటిది బ్యాంకు ఖాతా. ఆధార్ బ్యాంకులో ఇచ్చాం గదా అంటారు. ఆధార్ జిరాక్సు ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐలో ఆ ఖాతాను జోడించడం వేరు. ప్రభుత్వం డబ్బు ఖాతా నంబరు చూసి రాదు, ఆధార్‌కు చివరగా జోడించిన బ్యాంకుకు వస్తుంది. ఒక అక్క కొడుకు స్కాలర్‌షిప్ కోసమని కొత్త బ్యాంకులో ఖాతా తెరిచి తన ఆధార్ కూడా అక్కడ జోడించింది. డబ్బు అక్కడ పడింది. ఆమె మూడు నెలలు పాత బ్యాంకు చుట్టూ తిరిగింది. ఇంకో సంగతి, రెండేళ్లు వేయడం తీయడం లేకపోతే ఖాతా పనిచేయకుండా పోతుంది. వంద రూపాయలైనా వేసి తీస్తూ ఉండండి. ఏ బ్యాంకు జోడై ఉందో ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని చూస్తే తెలుస్తుంది. ఫోను చూడటం రాకపోతే వీఓఏను అడగండి. కానీ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, ఫోనులో అడిగేవాళ్లకు అసలు చెప్పొద్దు.

రెండోది కరెంటు మీటరు. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే పథకం రాదు. మనలో చాలామందికి అంత వాడకం ఉండదు. కానీ అద్దె ఇంట్లో ఉన్నవాళ్ల ఆధార్ ఇంటివాళ్ల మీటరుకు జోడై ఉంటుంది. మామగారి పేరున రెండు మూడు మీటర్లు ఉంటే అన్నీ కలిపి లెక్కపడతాయి. ఇట్లాంటివి కరెంటు ఆఫీసులో కాగితం తెచ్చి సచివాలయంలో సరిచేయించుకోవాలి. జాబితా గోడ మీద పెట్టాక పది రోజుల్లో ఈ పని అవ్వదు. ముందే చేయాలి.

మూడోది ఇంటి సభ్యుల జాబితా. పెళ్లయి వచ్చిన కోడలు ఇంకా పుట్టింటి కార్డులో ఉంటుంది. బిడ్డ తల్లి కార్డులో కాకుండా అమ్మమ్మ కార్డులో ఉంటాడు. తల్లి లేని పిల్లలకు తండ్రి ఖాతాకో, సాకుతున్నవాళ్ల ఖాతాకో వస్తుంది. కానీ ఆ మార్పు ఎవరో ఒకరు పోయి చేయించాలి. అట్లాంటి పిల్లలు ఉన్న ఇళ్లకు మన సంఘమే వెళ్లాలి. వాళ్ల తరఫున అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

నాలుగోది హాజరు. ఇది మన వైపు పెద్ద సంగతి. హాజరు 75 శాతం ఉండాలి. బడి 220 రోజులు నడిచిందనుకోండి. 165 రోజులు రావాలి. అంటే 55 రోజులకు మించి మానకూడదు. మిరప కోతల్లో ఏం జరుగుతోంది? తల్లి చేనుకు పోతుంది, పదమూడేళ్ల ఆడపిల్లను కూడా తీసుకుపోతుంది. లేదా చంటిపిల్లను చూసుకోమని ఇంట్లో ఉంచుతుంది. నలభై రోజులు అట్లా పోతే, జ్వరాలకు, పెళ్లిళ్లకు, జాతరలకు ఇంకో ఇరవై. అరవై అయింది. హాజరు 73 దగ్గర ఆగింది. కోతలో ఆ పిల్ల రోజుకు మూడొందలు తెచ్చిందనే అనుకుందాం. నలభై రోజులకు 12,000. పోయింది 13,000. డబ్బు లెక్క చూసినా నష్టమే. పిల్ల చదువు లెక్క ఎవరు కడతారు? ఎనిమిదిలో నలభై రోజులు పాఠం పోయిన పిల్ల తొమ్మిదిలో లెక్కలు అర్థం కాక బడికి పోనంటుంది. ఆ మరుసటి ఏడు పెళ్లి మాటలు వస్తాయి. మనందరికీ తెలిసిన కథే. మనలో ఎంతమందికి అట్లాగే చదువు ఆగిందో చేతులు ఎత్తమంటే ఈ హాలు సగం చేతులు లేస్తాయి.

బాకీ కింద పట్టుకోవచ్చా?

ఇది మా గ్రామ సంఘంలో గట్టిగా గొడవపడ్డ విషయం. ఇక్కడ దాచకుండా చెబుతాం. కొన్ని సంఘాల్లో కంతులు ఆగాయి. రికవరీ తక్కువైతే సున్నా వడ్డీ రాదు, ఒకరి వల్ల పదిమందికి నష్టం. అందుకని తల్లికి వందనం పడిన రోజునే బ్యాంకు దగ్గర నిలబడి బాకీ ఉన్నవాళ్ల దగ్గర పట్టుకుందామని కొందరు అన్నారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, కంతులు సక్రమంగా కట్టేది వాళ్లే. ఇంకొందరు, అది బిడ్డ పేరు మీద వచ్చిన డబ్బు, దాన్ని ముట్టుకోకూడదు అన్నారు.

రెండు సమావేశాలు మాట్లాడుకున్నాక ఒక మాటకు వచ్చాం. అమ్మఒడి మొదలైనప్పుడు ఈ డబ్బును పాత అప్పుల కింద జమ చేసుకోవద్దని ప్రభుత్వం బ్యాంకులకే చెప్పింది. బ్యాంకు చేయకూడని పని మనం ఎట్లా చేస్తాం? కాబట్టి పిల్లల డబ్బును కంతుల కింద పట్టుకోం. బాకీ ఉన్న సభ్యురాలు మిరప కోతల నెలల్లో, చేతిలో కూలి డబ్బు ఆడేటప్పుడు, రెండేసి కంతులు కట్టేట్టు ఒప్పుకుంది. రాసి సంతకం చేసింది. ఫిబ్రవరి, మార్చి రెండు నెలలూ మాట నిలబెట్టుకుంది. పిల్లవాడి డబ్బు పిల్లవాడికే ఖర్చయింది. అందరూ ఇట్లాగే చేయాలని మేము అనం. మీ సంఘంలో మాట్లాడుకోండి. కానీ బ్యాంకు గుమ్మం దగ్గర తోటి మనిషి చేతిలోంచి డబ్బు లాక్కోవడం మాత్రం సంఘం పని కాదు.

ఫీజు రాలేదని కాలేజీ ఆపితే

ప్రభుత్వం నుంచి ఫీజు రావడం ఆలస్యమైతే కొన్ని కాలేజీలు హాల్‌టికెట్ ఆపుతాయి, చదువు అయిపోయినా సర్టిఫికెట్లు ఇవ్వవు. మాకు తెలిసిన ఒక అమ్మాయి డిగ్రీ పాసై, చేతికి కాగితం రాక, వచ్చిన ఉద్యోగంలో చేరలేకపోయింది. వాళ్లమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఫీజు కట్టి కాగితాలు తెచ్చింది. అప్పటికి ఆ ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పట్టుకోకూడదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఈ సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. తల్లి ఒక్కతే వెళితే గుమాస్తా కూర్చోమని కూడా అనడు. గ్రామ సంఘం తీర్మానం కాగితంతో నలుగురు వెళితే మాట వేరేగా ఉంటుంది. కట్టవలసి వచ్చి కడితే రసీదు తీసుకోండి. ప్రభుత్వం డబ్బు తర్వాత కాలేజీకి వచ్చినప్పుడు, ఆ రసీదు ఉంటేనే మన డబ్బు మనం తిరిగి అడగగలం.

మేము మొదలుపెట్టిన పనులు

పెద్ద పనులేం కాదు. గ్రామ సంఘం దగ్గర ఒక రిజిస్టరు పెట్టాం. ప్రతి సభ్యురాలి పిల్లలు, తరగతి, తల్లి ఖాతా ఏ బ్యాంకులో జోడై ఉంది, బిడ్డకు ఖాతా ఉందా, ఏ పథకం రావాలి, ఏ తేదీన పడింది. పడిన తేదీ పాసు పుస్తకం చూసి రాస్తాం, విన్నమాట రాయం.

ఏప్రిల్, మే నెలల్లో ఖాతాలు, మీటర్లు, కార్డులు సరిచూస్తాం. జూన్‌లో సచివాలయం గోడ మీద జాబితా పెట్టిన రోజునే ఇద్దరు వెళ్లి పేర్లు రాసుకొస్తారు. పేరు లేనివాళ్లకు ఆ సాయంత్రమే చెబుతాం. వాట్సాప్‌లో మనమిత్ర నంబరు 9552300009 ఉంది, ప్రభుత్వానిదే. దాంట్లో తల్లికి వందనం స్థితి చూసుకునే వీలు 2025లో ఇచ్చారు. అది కూడా వాడుతున్నాం.

సంక్రాంతి సెలవుల తర్వాత బడికి వెళ్లి, మన పిల్లల హాజరు ఎంత ఉందో పంతుళ్లను అడుగుతాం. 75కు దగ్గరగా ఉన్న పిల్లల ఇళ్లకు కోతలు మొదలవకముందే వెళ్లి చెబుతాం. చంటిపిల్లల్ని చూసుకోవడానికి అంగన్‌వాడీ ఉంది. అది మూసే వేళ తర్వాత వంతుల వారీగా ఒక అవ్వ దగ్గర ఉంచుతున్నాం. పోయిన కోతల్లో దాంతో కొంతమంది ఆడపిల్లలు బడి మానకుండా ఉన్నారు.

చివరిది, జూన్ నెలలో సంఘం పొదుపు డబ్బులోంచి చదువు అప్పు. రూపాయి వడ్డీ. పథకం డబ్బు పడ్డాక కట్టాలని పెట్టలేదు, ఎందుకంటే ఆ తేదీ మన చేతిలో లేదు. పత్తి తీతల్లో కొంత, మిరప కోతల్లో కొంత కట్టేట్టు పెట్టాం. పథకం డబ్బు ముందే పడితే మంచిదే, ముందే తీరుస్తారు. పడకపోయినా బిడ్డ చదువు ఆగదు, మనకు మూడు రూపాయల వడ్డీ ఉండదు.

మండల సమాఖ్యను కోరేది

మూడే అడుగుతున్నాం. ఒకటి, పథకాల తేదీలు, గడువులు తెలిసిన వెంటనే సీసీల ద్వారా ప్రతి గ్రామ సంఘానికి కాగితం మీద పంపాలి. రెండు, ఎంపీడీఓ గారిని, బ్యాంకు మేనేజర్లను ఏడాదికి ఒకసారి, మే నెలలో, కలిపి కూర్చోబెట్టి ఖాతాల శిబిరం పెట్టించాలి. మూడు, చదువు డబ్బు ఎప్పుడు వేస్తారో చదువు ఏడాది మొదట్లోనే చెప్పాలని ఈ మహాసభ తీర్మానం చేసి జిల్లా సమాఖ్య ద్వారా ప్రభుత్వానికి పంపాలి. ఆ తీర్మానం మేము రాసుకొచ్చాం, సభ ముందు పెడుతున్నాం. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తి ఆమోదించాలని కోరుతున్నాం.

పథకం డబ్బు ఎవరి దయా కాదు. అట్లాగని దాన్నే నమ్ముకుని కూర్చోలేం. వస్తే ఏ రోజు వస్తుందో తెలుసుకుందాం, రాకపోతే ఎక్కడ ఆగిందో అడుగుదాం, ఆ మధ్య నెలల్లో పిల్లల్ని బడి మాన్పించకుండా మన పొదుపుతో నిలబడదాం.